తాళ్ల దాలమ్మను పిలిచిన పూట

పెద్దలు చెప్పగా మేం విన్నాం, మేం చెప్పగా మీరు వింటున్నారు. నడుమ ఒక మాట జారిపోయి ఉంటే అది మా చెవుల తప్పు, కథది కాదు.

ఇది ఏటి మీద వంతెన పడకముందు సంగతి. అటు కొండలు, ఇటు ఏరు, మధ్యన మూడు బడులు. ఏటొడ్డు బడి, కొండకింద బడి, సంతపేట బడి. ఆ మూడింటినీ కలిపి పట్నంలో పెద్దలు ఒక స్కౌటు జిల్లా అని పేరు పెట్టారు. జిల్లా అంటే పెద్దదనుకునేరు. పిల్లలందరినీ నిలబెడితే నాలుగు వరసలు. ఒకటే డప్పు, ఒకటే జెండా.

వాళ్లకి స్కౌటు మేష్టారు పొట్నూరు జగ్గారావు. మంచివాడు. ఈ మాట ముందే చెబుతున్నాను, తర్వాత మీకు అలా అనిపించదేమోనని. పిల్లలకి జ్వరమొస్తే కషాయం తానే కాచి పట్టుకెళ్లేవాడు. చిరిగిన ఖాకీ చొక్కాలు తన ఇంట్లో కుట్టించేవాడు. ఆయనకి ఉన్నది ఒకటే కోరిక. ఏటా పట్నంలో జరిగే స్కౌటు మేళాలో తన జిల్లా పేరు ఒక్కసారైనా గట్టిగా వినపడాలని.

మేళాలో గుడారం వేయాలి, వంట చేయాలి, దెబ్బ తగిలినవాడికి కట్టు కట్టాలి. అవన్నీ మనవాళ్లు బాగానే చేసేవారు. ఆఖర్న తాళ్ల వంతెన కట్టాలి. అక్కడే పోయేది. ఒక ఏడు వంతెన నడుమకి కుంగిపోయింది. మరో ఏడు ముడి జారి ఒక పిల్లవాడు బురదలో పడ్డాడు. మూడో ఏడు ఎవరూ కాలు పెట్టకముందే మొత్తం కూలింది. మూడేళ్లూ మన జిల్లాయే ఆఖరు. మూడేళ్లూ బళ్లు కట్టుకుని, ఉత్త చేతులతో ఇంటికొచ్చారు.

ఏటొడ్డు బడి గోడ నీడన దాలమ్మ అని ఒకామె కూర్చుని గోగునారతో తాళ్లు పేనేది. ఆవులకి పలుపులు, బావులకి చేంతాళ్లు, బళ్లకి మోకులు. తనవాళ్లంతా కలరా వచ్చిన ఏడు పోయారు. పేనీ పేనీ ఆమె అరచేతుల్లో గీతలు అరిగిపోయాయి. చెయ్యి చూసి జాతకం చెప్పేవాడు ఒకసారి ఆ చెయ్యి పట్టుకుని, ఏమీ కనపడక వదిలేసి వెళ్లాడని ఊళ్లో నవ్వుకునేవారు. ఆమె కూడా నవ్వేది.

ఒకరోజు పొద్దున్న జగ్గారావు మేష్టారు పుస్తకం తెరిచి పెట్టుకుని పిల్లలకి ముడి నేర్పుతున్నాడు. కట్టారు, జారింది. మళ్లీ కట్టారు, జారింది. మూడోసారీ జారింది. దాలమ్మ పేనుతున్న తాడు పక్కన పెట్టి లేచి వచ్చింది.

"ఆ ముడికి పెయ్య కూడా ఆగదు బాబూ. నాకియ్యి," అంది.

మేష్టారికి కొంచెం చిన్నతనమైంది. అయినా తాడు ఇచ్చాడు. ఆమె బడి స్తంభానికి ఒక చుట్టు చుట్టి, రెండో చుట్టు కిందనుంచి తీసి, కొస వదిలేసింది. "నాగి సూడు," అంది. మేష్టారు లాగాడు. పిల్లలు లాగారు. నాలుగు వరసల పిల్లలూ కలిసి లాగారు. స్తంభం మీది సున్నం రాలింది కానీ ముడి కదల్లేదు.

ఆరోజు నుంచి ఆమే నేర్పింది. పుస్తకంలో ఆ ముడులకి ఏ పేర్లున్నాయో ఆమెకి తెలీదు. ఆవుని కట్టే ముడి, కుండని బావిలోకి దింపే ముడి, బండి మీద బరువు కట్టే ముడి. మొదటిది ఎంత లాగినా వదలదు. రెండోది బిగుసుకోదు, జారిపోదు. మూడోది ఒక్క పట్టుకి విడిపోతుంది. ఏ పిల్లవాడు వచ్చి అయిపోయింది మామ్మా అన్నా ఆమెది ఒకటే మాట. నాగి సూడు.

ఆ ఏడు మన జిల్లా పిల్లలు సంతదారిలో గెడ్డ వాగు మీద వెదుళ్లతో దారి కట్టారు. వానాకాలంలో ముసలివాళ్లు మోకాళ్లు తడవకుండా దాటారు. పాడుబడిన బావి చుట్టూ కంచె కట్టారు. కొండకింద ఒక బాలింతకి జ్వరం ముదిరితే వెదురు కర్రలకి తాళ్లు అల్లి, మంచంలా చేసి, డాక్టరు దగ్గరకి మోసుకెళ్లారు. ఆమె బతికింది. మేళాలో వాళ్ల వంతెన నిలబడింది. రెండో స్థానం వచ్చింది. అందర్నీ పేరుపేరునా పిలిచారు. దాలమ్మ పేరు మాత్రం ఎవరూ పిలవలేదు. బండిలో చోటు లేక ఆమెను తీసుకెళ్లలేదు.

మరుసటి ఏడు వంతెనలో మొదటి స్థానం వచ్చింది. దాలమ్మ వెళ్లింది గానీ, ఖాకీ వేసుకోనివాళ్లు మైదానంలోకి రాకూడదని గేటు దగ్గర ఆపేశారు. గోడవతల కూర్చుని చప్పట్లు విని, అవి ఎవరికోసమో ఊహించుకుంది. ఆ ఏడూ దాలమ్మ పేరు ఎవరూ పిలవలేదు.

మూడో ఏడు మేష్టారే ఆమె గుమ్మంలోకి వచ్చి చెప్పాడు. ఈసారి మేళా షీల్డు మనకే వస్తుంది, స్కౌటు కమిషనరు గారి ముందు నీ పేరు నేనే చెబుతాను, నిన్ను వేదిక మీదకి పిలుస్తాను, తప్పకుండా రా అని. ఆమె నమ్మింది. పెట్టెలో దాచుకున్న ఒక్క నేత చీరా తీసి కట్టుకుంది. తలకి నూనె రాసుకుంది. ఏరు దాటి బళ్ల వెంట పట్నం వెళ్లింది.

షీల్డు మనకే వచ్చింది. కమిషనరు గారు వేదిక దిగి వచ్చి మేష్టారి భుజం మీద చెయ్యి వేశారు. అటూ ఇటూ పెద్ద పెద్ద అధికారులు. ఇన్నేళ్లలో ఆయన భుజం మీద అలాంటి చెయ్యి పడలేదు.

"ఇంత గట్టి ముడులు పిల్లలకి ఎవరు నేర్పారు మేష్టారూ?" అని కమిషనరు గారు అడిగారు.

దాలమ్మ మైదానం చుట్టూ కట్టిన తాడుకి అవతల, జనంలో ముందు వరసలో నిలబడి ఉంది. మేష్టారికి కనపడుతూనే ఉంది. పిలిస్తే పది అడుగులు.

"నేనేనండి," అన్నాడు మేష్టారు.

ఎందుకన్నాడో ఆయనకే తెలీదు. తర్వాత ఎన్ని వందలసార్లు తలుచుకున్నా తెలియలేదు. మాట బయటికి వచ్చేసింది. జనం చప్పట్లు కొట్టారు. నాలుగు వరసల పిల్లలూ తలలు తిప్పి దాలమ్మ వైపు చూశారు. ఆమె కూడా అందరితో పాటు చప్పట్లు కొట్టింది.

బళ్లు తిరిగొస్తుంటే దారిలో ఆమె ఒక్కతే నడుచుకుంటూ వెళుతూ కనపడింది. ఎక్కమంటే ఎక్కింది. షీల్డు పెట్టిన పెట్టెకి కట్టిన తాడు వదులై పెట్టె ఊగుతుంటే, ఆమె వంగి, ఆ ముడి విప్పి, మళ్లీ గట్టిగా కట్టింది.

మర్నాడు పొద్దున్న మామూలుగా వచ్చి గోడ నీడన కూర్చుంది. పిల్లలు తాళ్లు తెస్తే మామూలుగానే నేర్పింది. తిట్టి ఉంటే మేష్టారికి ఊపిరి ఆడేది. ఆమె తిట్టలేదు.

మేష్టారు క్షమించమని అడగడానికి ఆమె ఇంటికి వెళ్లాడు. ఆమె మంచినీళ్లు ఇచ్చి, కొండకింద పిల్లలకి దగ్గు తగ్గిందా అని అడిగింది. తగ్గిందని చెప్పి వచ్చేశాడు. ఇంకోసారి వెళ్లాడు. ఇంటి ముందు ఎవరో పలుపుల కోసం కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు చెప్పలేకపోయాడు. మూడోసారి వీధి చివరిదాకా వెళ్లి అక్కడినుంచే తిరిగొచ్చాడు. వానలు తగ్గాక చెబుదామనుకున్నాడు.

ఆ వానలకే ఏరు వచ్చింది.

అది సంతరోజు. ఇక్కడ చినుకులే, కొండల మీద మాత్రం కుండపోత. సంత నుంచి తిరిగొస్తున్న పదకొండు మంది ఏటి నడుమ ఇసుకతిప్ప మీద ఉండగానే రెండు పక్కలా నీళ్లు పెరిగిపోయాయి. పడవ తాడు తెంచుకుని కొట్టుకుపోయింది. వాళ్లలో ఒక తల్లి చేతుల్లో నెలల బిడ్డ. తిప్ప చుట్టూ ఇసుక కరుగుతోంది. ఇవతలి గట్టుకీ తిప్పకీ మధ్య పదిహేను బారల నీళ్లు.

మేష్టారు ఈల వేశాడు. ఏటొడ్డు పిల్లలు పరుగెత్తి వచ్చారు. బడిలో ఉన్న తాళ్లు చాలవు. ఇంతలో దాలమ్మ వచ్చింది. ఎండాకాలమంతా పేని దాచిన మోకులన్నీ తల మీద పెట్టుకుని వచ్చింది. ఎవరూ అడగలేదు.

పెద్ద పిల్లల్లో గౌరునాయుడు అనేవాడికి ఈత బాగా వచ్చు. వాడి నడుముకి దాలమ్మే తాడు కట్టింది. కుండని బావిలోకి దింపే ముడి. బిగుసుకోదు, జారిపోదు. వాడు మునుగుతూ తేలుతూ తిప్ప చేరి, నడుముకున్న తాడు రెండో కొసకి కట్టిన మోకుల్ని లాక్కుని అక్కడున్న తుమ్మచెట్టుకి కట్టాడు. ఇవతల తాడిచెట్టుకి మేష్టారు కట్టాడు. కాళ్లకి ఒక మోకు, చేతులకి ఒక మోకు.

కట్టడం అయ్యాక ఆయన దాలమ్మ వైపు చూశాడు. ఆమె లాగి చూసింది. తల ఊపింది.

ముందు బిడ్డని బుట్టలో పెట్టి తాడు మీద దాటించారు. తర్వాత తల్లి. తర్వాత ఒక్కొక్కరే. తాడిచెట్టు మొదట్లో మట్టి కోసుకుపోతోంది. మోకు తడిసి బరువెక్కుతోంది. ఆ ముడి మీద చెయ్యి పెట్టుకుని దాలమ్మ నడుములోతు నీళ్లలో నిలబడింది. కొంచెం వదులైతే చేతికి తెలుస్తుంది, తెలియగానే బిగించేది. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు. ఆఖర్న గౌరునాయుడు దాటి వచ్చి గట్టు మీద పడ్డాడు. అప్పుడు ముడి మీంచి చెయ్యి తీసింది. అందరూ బతికారు.

ఆ తడికి ఆమెకి జ్వరం పట్టుకుంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది.

ఏటి కబురు పట్నం చేరింది. జిల్లాకి ధైర్య పతకం ఇస్తామని కమిషనరు గారు ఉత్తరం రాశారు. మేష్టారు ఆ ఉత్తరం పట్టుకుని తిన్నగా దాలమ్మ మంచం దగ్గరికి వెళ్లాడు. ఈసారి వీధి చివర ఆగలేదు.

"దాలమ్మా, ఆరోజు నేను అబద్ధం ఆడాను," అన్నాడు.

ఆమె కళ్లు తెరిచింది. "తెలుసు బాబూ. నానక్కడే ఉన్నాను గదా."

"ఈసారి అందరి ముందూ నీ పేరు చెబుతాను."

"నానొస్తే బాగుణ్ను. కాళ్లు నేవు. మీరెల్లి రండి," అని గోడ వైపు తిరిగి పడుకుంది. క్షమించానని అనలేదు. క్షమించనని కూడా అనలేదు. మంచానికి ఎవరినో కాపు పెట్టి, మేష్టారు పిల్లలతో పట్నం వెళ్లాడు.

మైదానం నిండా జనం. కమిషనరు గారు పతకం తీసి మేష్టారి మెడలో వేయబోయారు. మేష్టారు రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇది నాది కాదండి. ముడులు నేర్పింది దాలమ్మ. కిందటిసారి మీరు అడిగితే నేనేనని అన్నాను. అబద్ధం చెప్పాను. ఏట్లో ముడి పట్టుకున్నదీ ఆమే."

అని, ఊరి దిక్కుకి తిరిగి దాలమ్మా అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. మూడోసారి పిల్లలందరూ కలిసి పిలిచారు. రాదని వాళ్లకి తెలుసు. అయినా పిలిచారు.

కమిషనరు గారికి కోపం రాలేదు. పతకం జేబులో పెట్టుకుని, పదండి, నేనే వచ్చి ఆమెకి ఇస్తానని బండి ఎక్కారు. ఏరు దాటి, ఇంకా ఎండ ఉండగానే వీధిలోకి వచ్చారు. దాలమ్మ ఇంటి ముందు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఆమె మధ్యాహ్నం పోయింది. మంచం దగ్గరున్నామె చెప్పిన వేళని లెక్క కట్టి చూస్తే, మైదానంలో పేరు పిలిచిన వేళకి కొంచెం ముందే. పోయేముందు ఏమైనా అందా అని మేష్టారు అడిగాడు. పిల్లలొచ్చేశారా అని ఒకసారి అడిగిందట. అంతే.

పతకం ఆమె చేతిలో పెట్టారు. వేళ్లు మూసుకోలేదు. దారంతో కట్టారు.

జగ్గారావు మేష్టారు చాలాకాలం బతికాడు. కొత్త పిల్లలు చేరిన ప్రతి ఏడూ వాళ్లని కూర్చోబెట్టి, తన తప్పు తగ్గించకుండా ఈ కథ ఆయనే చెప్పేవాడు. నేనేనండి అన్న మాటని ప్రతిసారీ ఉన్నదున్నట్టే చెప్పేవాడు. మాకు ఈ కథ వచ్చింది ఆయన నోటినుంచే.

ఇప్పుడు ఏటి మీద వంతెన ఉంది, బడులు చాలా ఉన్నాయి, జిల్లాలో పిల్లలు వందల్లో ఉన్నారు. అయినా అక్కడ మేళా రోజున షీల్డులు ముందు ఇవ్వరు. ముందు ఖాకీ లేనివాళ్లని పిలుస్తారు. వంట చేసినామెని, గుడారాలకి పొలం ఇచ్చినాయన్ని, ఈత నేర్పిన పడవవాణ్ణి, ఒక్కొక్కరినీ పేరుపెట్టి వేదిక మీదకి పిలుస్తారు. అందరికన్నా ముందు దాలమ్మ అని పిలుస్తారు. పిలిచి ఆగుతారు. ఒక మనిషి జనంలోంచి లేచి వేదిక దాకా నడిచి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగుతారు. ఎవరూ చప్పట్లు కొట్టరు.

కొత్తగా చేరిన పిల్లలు పక్కవాళ్లని గోకి, ఆవిడెవరు, ఎందుకు రావట్లేదు అని అడుగుతారు.

"మనం ఆలస్యంగా పిలిచాం," అని చెబుతారు పెద్ద పిల్లలు.