మా ఇంటిల్లిపాదీ రాసిన పరీక్ష

మా ఇంట్లో ఉప్పు నిండుకున్న రోజులున్నాయి, గ్యాసు అయిపోయిన రోజులున్నాయి గానీ, తెలివి నిండుకున్న రోజు మాత్రం ఒక్కటీ లేదు. నమ్మకపోతే మా ఆవిడ అప్పలకొండని అడగండి, మా బామ్మర్ది సూరిబాబుని అడగండి. అందరం ఒకే మాట చెబుతాం. వీధిలోవాళ్ళని మాత్రం అడక్కండి, వాళ్ళకి మేమంటే కుళ్ళు.

నా పేరు సింహాద్రి. బస్సు కండక్టరుగా చేసి రిటైరై అనకాపల్లిలో ఉంటున్నాను. చెప్పింది చెప్పినట్టు చెయ్యడం నా అలవాటు. చివరి స్టేజీలో అందరూ దిగిపోవాలన్నారని ఓసారి డ్రైవర్ని కూడా దింపేశాను. ఆ తర్వాత బస్సుని డిపోకి ఎవరు తీసుకెళ్ళాలో రూల్లో లేదు, అది నా తప్పా? ఇంకోటి, టిక్కెట్టు కొన్న సీటుని నేనెప్పుడూ ఖాళీగా పోనివ్వలేదు.

ఇక సంగతికొస్తాను. మా అమ్మాయి నూకరత్నం పొద్దున్నే బెల్లం మార్కెట్లో ఓ షావుకారు దగ్గర పనికెళ్ళి, సాయంత్రం కాలేజీలో చదువుకుంటుంది. డిగ్రీకి ఒక్క స్టాటిస్టిక్స్ మిగిలింది. దాని క్లాసులేమో పొద్దున్నే. క్లాసుకెళ్తే కొలువు పోతుంది, కొలువుకెళ్తే డిగ్రీ పోతుంది. అప్పుడు కాలేజీలో ఆ సబ్జెక్టు చెప్పే భానుమూర్తి మాస్టారు ఒక దారి చెప్పారు.

"క్లాసులకి రాకుండానే పరీక్ష రాయొచ్చమ్మా. నెగ్గితే ఆ సబ్జెక్టు క్రెడిట్లు నీకు వేసేస్తాం. తప్పితే మాత్రం ఏడాదంతా పొద్దున్నే వచ్చి క్లాసులో కూచోవాల్సిందే."

రత్నం ఇంటికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "తప్పితే ఉద్యోగం మానెయ్యాలి నాన్నా. హాల్లో కూచుంటే నాకు చేతులు వణుకుతాయి" అంది. "నేనున్నాను కదే పిచ్చిదానా" అన్నాను. కొంప మునగడం అక్కడే మొదలైంది.

మాస్టార్ని అడిగితే, "ఇంట్లో రోజూ అచ్చం పరీక్ష హాల్లో ఉన్నట్టే ఉండి రాయించండి, భయం పోతుంది" అన్నారు. అంతే! ముందుగదిలో బల్ల వేసి రత్నాన్ని కూచోబెట్టాను.

"ఒక్క మనిషుంటే హాలెలగవుద్ది బావా?" అన్నాడు సూరిబాబు.

నిజమే కదా! వాణ్ణీ, అప్పలకొండనీ చెరో మూలా కూచోబెట్టి తలో కాగితం ఇచ్చాను. కూచోబోయే ముందు అందర్నీ సోదా చేశాను. అప్పలకొండ కొంగుముడిలో ఏదో తగిలింది.

"ఇదేటి?"

"లవంగం. పన్ను నొప్పికి."

"చీటీ కాదు కదా?" అని కొరికి చూశాను. లవంగమే.

గరిటెతో కంచం మీద గంట కొట్టాను. రత్నం బుద్ధిగా రాస్తోంది. కాసేపటికి అప్పలకొండ ముక్కు ఎగబీల్చి, "ఏవండీ, పొయ్యి మీద పులుసు..." అంది.

"హాల్లో మాటలు కూడదు!"

పాపం, కాగితం మీద 'పులుసు మాడుతోంది' అని రాసి నాకేసి తిప్పింది. రాసింది ఎవరికీ చూపించకూడదని అదీ లాక్కున్నాను. ఇల్లంతా పొగ. రత్నం దగ్గుతూనే రాస్తోంది. పక్కింటి మహలక్ష్మి బకెట్టు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"సింహాద్రన్నా, తలుపు తియ్యి! మీ ఇల్లు కాలిపోతంది!"

"గంట కొట్టాక వచ్చినవాళ్ళని లోపలికి రానివ్వం" అన్నాను.

ఇంకేముంది, ఆవిడ కిటికీలోంచి బకెట్టు కుమ్మరించింది. పులుసు గిన్నె మీద ఒక్క చుక్క పడలేదు, మేం మాత్రం నిలువునా తడిశాం. సూరిబాబు లేచి నిలబడి, "బావా, నాకింకో షీటు కావాల" అన్నాడు.

ఇలా రోజూ జరిగింది. ఆఖరి గంట కొట్టగానే రత్నం తిన్నగా వచ్చి పేపరు నా చేతిలో పెట్టేది. నేను ఎర్రపెన్నుతో దిద్దేవాణ్ణి. నాకు స్టాటిస్టిక్స్ రాదు, అక్షరాలు చూసి మార్కులేసేవాణ్ణి.

పరీక్ష ముందురోజు మాస్టారు ఫోన్ చేశారు. "ఈరోజు పుస్తకం ముట్టుకోకండి. అమ్మాయిని హాయిగా ఉండనివ్వండి" అన్నారు. అంతే! అందరం చేతులు వెనక్కి కట్టుకుని పుస్తకానికి దూరంగా నిలబడ్డాం. ఇంతలో రత్నం గొల్లుమంది.

"నాన్నా! హాల్‌టికెట్టు ఆ పుస్తకంలోనే ఉంది!"

"ముట్టుకోకు!" అని అరిచాను.

సూరిబాబు బుర్రే బుర్ర. వంటింట్లోంచి పట్టకారు తెచ్చి పుస్తకాన్ని పట్టుకున్నాడు. పట్టకారు ఎక్కణ్ణించి తెచ్చాడో అక్కడికే తీసుకెళ్ళి, పొయ్యి పక్కన నిలబడి దులిపాడు. హాల్‌టికెట్టు జారి వార్చిన గంజిలో పడింది. తీసి ఎండబెడితే అప్పడంలా బిర్రబిగిసింది. "ఇంక చిరగదు" అని అందరం సంతోషించాం.

మర్నాడు గేటు దగ్గర మాస్టారు రత్నం తల నిమిరి, "ఇంట్లో ఎలా రాశావో ఇక్కడా అలాగే చెయ్యమ్మా, ఏం మార్చకు" అన్నారు. మేం బయట నిలబడి నూకాలమ్మకి మొక్కుకున్నాం. గంట కొట్టారు. అందరూ వచ్చేశారు, మా పిల్ల రాదు. చివరికొచ్చింది. పేపరు ఓ కొస తన చేతిలో, రెండో కొస పరీక్ష మేడమ్ చేతిలో.

"ఏం పిల్లండీ ఇది! పేపరిమ్మంటే మా నాన్న చేతికే ఇస్తానంటుంది!" అని మేడమ్ ఆయాసపడుతోంది.

"ఇంట్లోలాగే చెయ్యమన్నారు కదండీ" అంది రత్నం.

నా రక్తం ఎక్కడికి పోతుంది? ఆనందంతో నాకు కళ్ళు చెమర్చాయి. పేపరందుకుని, జేబులోంచి ఎర్రపెన్ను తీసి, 'బాగుంది, అక్షరాలు ఇంకా గుండ్రంగా ఉండాలి' అని రాసేశాను. మేడమ్ కెవ్వున అరిచింది.

"ఇంక ఈ పేపరు చెల్లదు!"

రత్నం అక్కడే కూలబడి ఏడ్చింది. "నా ఉద్యోగం పోయింది నాన్నా" అంటుంటే నా ప్రాణం పోయినట్టయింది. జీవితంలో మొదటిసారి నా తెలివి మీద నాకే అనుమానం వచ్చింది. ఎంతోసేపు ఉండలేదు లెండి.

భానుమూర్తి మాస్టారు పెద్ద సారు దగ్గరికెళ్ళి బతిమాలారు. పిల్ల రాసింది నీలం సిరా, తండ్రి వెర్రి ఎర్రసిరా, నీలమే దిద్దండి అన్నారట. ఆ దేవుడే ఓ సాయంత్రం నవ్వుకుంటూ మా ఇంటికొచ్చాడు.

"రత్నం నెగ్గింది! డిగ్రీ వచ్చేసినట్టే. ఇంక క్లాసుకి రానక్కర్లేదు."

తల్లీకూతుళ్ళు కావలించుకున్నారు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది.

"రానక్కర్లేదా? ఏడాది ఫీజు కట్టేశాం కదండీ! మరి ఆ సీటో?"

"ఖాళీగా ఉంటుంది. మీకేం?"

ఖాళీగానా! టిక్కెట్టు కొన్న సీటా! ఇంకేముంది, మర్నాటి నుంచి రత్నం బెల్లం మార్కెట్టుకి, నేను స్టాటిస్టిక్స్ క్లాసుకి. హాజరు పిలుస్తూ "నూకరత్నం" అనగానే "ఉన్నాను సార్" అని లేచి నిలబడుతున్నాను.

నిన్న మాస్టారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. "సింహాద్రి గారూ, మీకు పుణ్యముంటుంది, మీరూ ఆ పరీక్ష రాసెయ్యండి. నెగ్గితే క్లాసుకి రానక్కర్లేదు."

మంచి సలహా. సూరిబాబు ఎర్రపెన్ను కొన్నాడు. అప్పలకొండ పొయ్యి మీద పులుసు పెట్టి తన మూలకెళ్ళి కూచుంది. సూరిబాబు గరిటెతో కంచం మీద గంట కొట్టాడో లేదో, పక్కింట్లో మహలక్ష్మి బకెట్టు నింపుతున్న చప్పుడు వినిపించింది.