నింబవ్వ కాయ

అనగా అనగా, దారులకు ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, ఒక వాగు. వాగు ఒడ్డున ఒక పల్లె. పల్లెలో చివరింట్లో నింబవ్వ అనే ముసలమ్మ, ఆమె మనవరాలు చంద్రి.

ఎండాకాలంలో ఆ వాగు మేకపిల్లలా మెత్తగా ఉండేది. వానాకాలం వచ్చిందా, దాని గుణమే మారిపోయేది. ఒక ఏడు గొర్రెల కాపరిని తీసుకుపోయింది. ఇంకో ఏడు పెళ్లికి పోతున్న అన్నదమ్ములను తీసుకుపోయింది. మూడోసారి నింబవ్వ కూతురిని, అంటే చంద్రి తల్లిని తీసుకుపోయింది. అప్పుడు పెద్దలు కూర్చుని కట్టుబాటు పెట్టారు. పిల్లలెవరూ నీళ్లలో కాలు పెట్టొద్దు.

కట్టుబాటు మంచికే పెట్టారు. కానీ పొలాలూ, మేకల బీళ్లూ వాగుకు అవతల. నీళ్లంటే ఏమిటో తెలియకుండా పెరిగిన పిల్లలు పెద్దయ్యాక ఆ నీళ్లే దాటాలి. చంద్రికి మేకలు తోలుకుపోయే వయసు వస్తోంది. అది తలచుకుంటే నింబవ్వకు అన్నం దిగేది కాదు.

ఒకనాడు పొద్దున్నే పటేలు ఇంటికి పోయింది.

“పటేలా, వాగు పక్కనున్న నీ బీడు ఊరికియ్యి.”

“ఏం పండిస్తవవ్వా? వరదకు దాంట్ల తుమ్మ గూడ నిలవదు.”

“ఏం పండియ్య. గుంత తవ్విస్త. పిల్లగాండ్లు ఈత నేర్సుకుంటరు.”

పటేలు నవ్వాడు. “నీళ్లంటే వణికే ఊర్ల ఈత గుంతనా? తవ్వేదెవరు, నువ్వా?”

“ఊరే తవ్వుతది.”

“ఊరు తవ్వేదుంటే తీసుకో పో.”

నింబవ్వ పోయి బీడు గట్టున కూర్చుంది.

ఒక రైతు బండి కట్టుకుని వచ్చాడు. “ఎటు తమ్మీ?” అంది. “చేన్లకు వండ్రుమట్టి తోలాలె అవ్వా.” “ఎట్లైనా తవ్వుడే గదా, ఈడ తవ్వు.” పైమట్టి అతను తోలుకుపోయాడు. అతన్ని చూసి మిగతా రైతులూ తోలుకుపోయారు. గుంత మోకాలి లోతైంది.

ఆడవాళ్లు గంపలతో వచ్చారు. “ఎటు బిడ్డా?” “గోడలు అలకాలె, ఎర్రమన్ను కావాలె.” “ఎట్లైనా తవ్వుడే గదా, ఈడ తవ్వుండ్రి.” మోకాలి లోతును ఒక పక్కన మెట్టులా ఉంచి, మిగతా చోట తవ్వుకున్నారు. గుంత నడుము లోతైంది.

కుమ్మరి ఓదెలు వచ్చాడు. “ఎట్లైనా తవ్వుడే గదా, ఈడ తవ్వు,” అంది.

“అంత కిందికి దిగాల్నా అత్తా?”

“కిందనే గదా నీ బంకమన్ను.”

నడుము లోతును ఇంకో మెట్టులా వదిలి ఓదెలు దిగాడు. గుంత మెడ లోతైంది. అడుగున బంకమన్ను ఉంది కాబట్టి నీళ్లు ఇంకవు. వాగుకు పోయిన వాళ్లు తలా ఒక రాయి తెచ్చి అంచులు పేర్చారు. చిన్న కాలువ తీసి వాగు నీళ్లు మళ్లించారు. ఎవరి పనికి వాళ్లు తవ్వుకున్నారు, ఊరికి గుంత మిగిలింది.

ఇన్నాళ్లూ నింబవ్వ ఇంటి కప్పు మీద సొరతీగ కాస్తూనే ఉంది. ఆమె ఒక్క కాయ కోయలేదు. పక్కింటి కనకవ్వ అడిగి అడిగి విసిగిపోయింది.

“అత్తా, ఒక్క లేతకాయ తెంపియ్యరాదు, పప్పుల ఏసుకుంట.”

“ఎండనియ్యి బిడ్డా.”

“నీ ఇంట్ల కూరకు కరువు, బుర్రలకు మాత్రం లేదు.”

కాయలు ఎండి బుర్రలయ్యాయి. లోపల గాలి తప్ప ఏమీ లేదు. నడుముకు కట్టుకుంటే మనిషిని తేలుస్తాయి. గుంత సిద్ధం. బుర్రలు సిద్ధం. కానీ ఏ తల్లీ పిల్లను పంపలేదు. చంద్రి సైతం గట్టు దిగలేదు. “మా అమ్మను తీస్కపోయింది గదా,” అంది.

నింబవ్వ కొంగు దోపుకుంది. నడుముకు మూడు బుర్రలు కట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక మోకాలి లోతు దాటి నీళ్లలో దిగని మనిషి, మోకాలి మెట్టు దిగింది, నడుము మెట్టు దిగింది. అక్కడ కాళ్లు జారి, తిరగేసిన తాబేలులా వెల్లకిలా తేలింది. కాళ్లు ఆకాశానికి లేచాయి. గట్టు మీది జనం కడుపు పట్టుకుని నవ్వారు.

“నవ్వింది సాలు. నన్ను ఒడ్డుకు గుంజుండ్రి,” అంది నింబవ్వ.

ఒక్కరూ కదల్లేదు. పెద్దవాళ్లకూ నీళ్లంటే భయమే.

చంద్రి కూడా నవ్వింది. అంతలో నవ్వు ఆగిపోయింది. అవ్వ ముఖం మీదికి నీళ్లు వస్తున్నాయి. “అవ్వా,” అంటూ దిగింది. మోకాలి మెట్టు దిగింది, నడుము మెట్టు దిగింది, అవ్వ కొంగు పట్టుకుంది.

“బిడ్డా, నువ్వేడ నిలబడ్డవో సూసుకో,” అంది నింబవ్వ మెల్లగా.

చంద్రి చూసుకుంది. నీళ్లలో నిలబడి ఉంది.

“నిజంగ జారినవా, కావాల్నని జారినవా?” అని కనకవ్వ తర్వాత అడిగింది.

“నాకేం ఎరుక. బుర్రలనడుగు.”

మర్నాడు పటేలే తన కూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. కట్టుబాటు అక్కడితో పోయింది. పిల్లలు బుర్రలు కట్టుకుని దిగి, ఒక్కో బుర్రా విప్పేస్తూ ఈత నేర్చుకున్నారు.

కొన్నేళ్లకు ఒక సాయంత్రం చంద్రి వాగు నడుమ ఉండగా వరద వచ్చింది. చంద్రి వాగుకు ఎదురీదలేదు. దాంతో పాటే కిందికి పోతూ, ఏటవాలుగా ఈదుతూ, దూరాన ఒడ్డెక్కింది. నింబవ్వ పరుగెత్తుకొచ్చింది. కొంగుతో పిల్ల తల తుడిచింది. ఇంటికి తీసుకుపోయి వేడి జొన్న గటక పెట్టింది. ఆ రాత్రి తను కూడా కడుపు నిండా తింది.

ఆ చలికాలమే నింబవ్వ నిద్రలో కన్నుమూసింది.

ఇప్పటికీ ఆ పల్లెలో సొరతీగ ఉన్న ప్రతి ఇంట్లో ఒక కాయను కోయకుండా వదిలేస్తారు. దాన్ని నింబవ్వ కాయ అంటారు. మట్టి కావలసినవాళ్లు ముందు ఈత గుంతలో పూడిక ఒక గంప తీసి, తర్వాతే ఇంకోచోట పార వేస్తారు.

పిల్ల మొదటిసారి నీళ్లలో దిగే రోజున ఆ ఇంటి అవ్వే ముందు దిగుతుంది. నడుము మెట్టు దాకా పోయి వెల్లకిలా పడుకుని, “నన్ను ఒడ్డుకు గుంజు బిడ్డా,” అని పిలుస్తుంది. ఆ లోతులో అవ్వ లేచి నిలబడగలదని గట్టు మీద అందరికీ తెలుసు. పిల్లకూ తెలుసు. అయినా పరుగెత్తుకుంటూ దిగుతుంది.