పడవవాడి మీద పాఠాలు

ఏటికి ఇవతల ఒక ఊరు ఉంది. అవతల ఒక నగరం ఉంది. నగరానికి ఒకే ద్వారం, దాని దగ్గర ఒక కాపలావాడు. వచ్చినవాణ్ణల్లా అతను ఒక గట్టి ఇంగ్లీషు మాట అడుగుతాడు. అర్థం చెప్పి, దాన్ని వాక్యంలో పెట్టి చూపించినవాడు లోపలికి వెళ్తాడు. చూపించలేనివాడు ఇంటికి వస్తాడు. లోపల ఆ మాటలతో ఏం పనిపడుతుందో ఊళ్ళో ఎవరికీ తెలియదు. వెళ్ళినవాళ్ళు బియ్యమూ బట్టలూ పంపుతారు గానీ ఆ సంగతి మాత్రం చెప్పరు.

అందుకని ఊరు ఒక పంతులుని పెట్టుకుంది. రేవులో, పడవ కట్టే గుంజకి ఎదురుగా ఒక నల్లబల్ల పాతించింది. రోజూ పొద్దున్నే పంతులు దాని మీద ఒక గట్టి మాట రాసేవాడు. పక్కన అర్థం, కింద ఉదాహరణ. చద్దన్నం తినకముందే ఊరంతా వచ్చి బల్ల ముందు నిలబడాలి. పంతులు ఉదాహరణలో మొదటి ముక్క ఎత్తుకుంటాడు. మిగతాది ఊరంతా ఒక్క గొంతుతో అందుకోవాలి. అందుకోనివాడికి ఆ పూట చద్దన్నం లేదు. ముసలివాళ్ళకీ బాలింతలకీ కూడా మినహాయింపు లేదు. ఆకలి మీద నేర్చిన చదువు మరి, ఊరికే పోతుందా?

పంతులు పనిమంతుడే. అర్థం ఒక్క రోజులో జారిపోతుందనీ, ఉదాహరణ మాత్రం మనసులో మేకు కొట్టుకుని కూర్చుంటుందనీ అతనికి బాగా తెలుసు. ఉదాహరణలో ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి అందరూ ఎరిగినవాడై ఉండాలి. మొదటి రోజు సుద్దముక్క పట్టుకుని ఎవరిని పెడదామా అని చుట్టూ చూస్తే, ఎదురుగా పడవవాడు కనిపించాడు.

పడవవాడు ఆ ఊరందరికీ మామ. పాలపళ్ళవాళ్ళకీ మామే, పళ్ళూడినవాళ్ళకీ మామే. పడవలో ఎవరూ తమంతట తాము కాలు పెట్టేవారు కాదు. "మామా, చెయ్యి" అనాలి, అతను చెయ్యి అందించాలి, అప్పుడు ఎక్కాలి. పంతులు కూతురు అమ్మా నాన్నా అనడం నేర్చాక, ఆ తర్వాత నేర్చిన మాట అదే.

బల్ల మీద మొదటి మాట ఇండిఫాటిగబుల్. అలుపెరగని అని అర్థం. "బోట్‌మాన్ ఇండిఫాటిగబుల్, ఎండలోనూ వానలోనూ తెడ్డు దించడు" అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషులో ఉదాహరణ రాశాడు పంతులు. ఊరంతా ఒక్క గొంతుతో అంది. సాయంత్రానికి ఒకావిడ పడవవాడికి చెంబుడు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఇంకొకాయన భుజం తట్టాడు. అతను నిన్నా మొన్నా కూడా అలాగే తెడ్డు వేశాడు, అప్పుడు ఎవరికీ మజ్జిగ గుర్తు రాలేదు. పంతులు ఇదంతా చూసి ముచ్చటపడ్డాడే గానీ, ఇందులో భయపడవలసింది ఏమైనా ఉందేమోనని ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే బాగుండేది.

గట్టి మాటల్లో మంచివి తొందరగా అయిపోతాయి. చెడ్డవాటికి అంతే లేదు. కాపలావాడు కూడా వాటినే ఎక్కువగా అడగడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఉదాహరణలో ఎవరిని పెట్టాలి? మునసబుని పెడితే ఊళ్ళో ఉండనివ్వడు. షావుకారుని పెడితే ఇంట్లోకి ఉప్పు పుట్టదు. తనని తానే పెట్టుకోవచ్చు, కానీ ఆ ఆలోచన ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగానూ పోయింది. పడవవాడికైతే ఇంగ్లీషు రాదు, చదవడమూ రాదు; పడవ విడిచి రాకూడదు కాబట్టి పాఠం తప్పింది ఊళ్ళో అతనొక్కడికే. రాని భాషలో అన్నది తిట్టెలా అవుతుందిలే అనుకున్నాడు పంతులు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా?

అలా పడవవాడు ఒకనాడు అవరీషస్ అయ్యాడు, అంటే దురాశాపరుడు. మరొకనాడు ఇంకేదో అయ్యాడు. ఆఖరికి పెర్ఫీడియస్ కూడా అయ్యాడు. నమ్మించి ద్రోహం చేసేవాడని దాని అర్థం. "బోట్‌మాన్ పెర్ఫీడియస్, నమ్మి ఎక్కినవాళ్ళని నడి ఏట్లో వదిలేస్తాడు." పలకడానికి కష్టమైన మాట కాబట్టి ఊరు దాన్ని చాలా పొద్దులు పలికింది.

ఆ రోజుల్లోనే ఒకసారి పడవవాడు పంతులు ఇంటికి వచ్చాడు. చేతిలో ఏటి లంకలో పండిన దోసపండు, ఇల్లంతా ఘుమఘుమలాడిపోయింది.

"ఏంటండి పంతులుగారూ, రోజూ నా మీదే రాత్తన్నారంట గదండీ!" అన్నాడు సిగ్గుపడుతూ. బోట్‌మాన్ అంటే తనేనని మాత్రం అతనికి ఎవరో చెప్పారు. "పొద్దున్నే ఊరంతా నన్ను తలుసుకుంటుంటే ఒళ్ళు పులకరిత్తందండి. ఇయ్యాళ్టి మాటకి అర్థం ఏంటండి?"

"నమ్మకానికి సంబంధించింది," అన్నాడు పంతులు.

"ఆయ్! పడవంటేనే నమ్మకం గదండీ," అని మురిసిపోతూ వెళ్ళిపోయాడు పడవవాడు.

పంతులు ఆ దోసపండుని బెల్లం వేసుకుని తిన్నాడు. గొంతులో ఎక్కడా అడ్డం పడలేదు.

తర్వాత్తర్వాత పడవ ఖాళీగా తిరగడం మొదలైంది. నగరానికి వెళ్ళేవాళ్ళు ఎగువకు నడిచి, అక్కడ ఏట్లో ఉన్న రాళ్ళ మీదుగా దాటుతున్నారు. మామ అనే పిలుపు కూడా రేవులో వినిపించడం మానేసింది. నీళ్ళు తక్కువగా ఉన్నాయి కదా, అందుకే రాళ్ళ మీద పోతున్నారు అనుకున్నాడు పంతులు. పడవవాడు కూడా అలాగే అనుకుని, వానలు పడితే వాళ్ళే వస్తారులే అని పడవకి తారు పూసుకుంటూ కూర్చున్నాడు.

వానలు వచ్చాయి. పంతులు కూతురు ద్వారం దగ్గరికి వెళ్ళవలసిన రోజు కూడా వచ్చింది. ఆ పిల్లకి రాని మాట లేదు, మరచిన ఉదాహరణ లేదు. సాగనంపడానికి ఊరంతా రేవుకి వచ్చింది. ఎగువన ఆకాశం కాటుక పట్టినట్టు ఉంది. పడవవాడు గుంపుకి దూరంగా, వంగి పడవలోని వాననీళ్ళు తోడుతున్నాడు.

"పద అమ్మలూ, మామ పడవ దగ్గర ఉన్నాడు," అన్నాడు పంతులు.

"నేను రాళ్ళ మీదుగా పోతాను నాన్నా."

"పిచ్చిదానా, పైన వాన కుమ్మేస్తోంది. పడవుండగా రాళ్ళేమిటి?"

"అతను పెర్ఫీడియస్ కదా!" అంది కూతురు. పొయ్యి ముట్టుకుంటే కాలుతుంది కదా అన్నంత మామూలుగా అంది.

పంతులు పకపకా నవ్వాడు. నవ్వి చుట్టూ చూశాడు. ఇంకెవరూ నవ్వడం లేదు. అప్పుడు అతనికి ఖాళీ పడవ, రాళ్ళ దారి, మాయమైన పిలుపు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

"అదంతా ఉత్తినే రాశానమ్మా! ఉదాహరణ కోసం రాశాను!"

"ఉత్తిదే అయితే ఇంతమంది చేత పరగడుపున ఎందుకు చెప్పించావు?"

గుంపులోంచి ఒక ముసలమ్మ అందుకుంది.

"నిప్పు లేందే పొగ వస్తుందా పంతులూ? పోయినేడు వాడు నడి ఏట్లో పడవ ఆపాడు. నేనందులోనే ఉన్నాను."

"చుట్ట ముట్టించుకోడానికి ఆపి ఉంటాడు!"

"దేనికైతేనేం, ఆపాడా లేదా?"

పంతులు నల్లబల్ల దగ్గరికి పరిగెత్తాడు. ఉన్నదంతా పైపంచెతో తుడిచేసి, పెద్ద అక్షరాలతో 'పడవవాడు మంచివాడు' అని తెలుగులో రాశాడు. ఊరు ఆ వాక్యాన్ని చదివింది. ఇంకా ఏదో వస్తుందని కాసేపు ఓపిగ్గా నిలబడింది.

"ఇందులో గట్టి మాట ఏదండీ?" అని అడిగాడొకాయన.

"ఏదీ లేదు. ఉన్నమాట, అంతే."

"మరయితే ఇది దేనికి ఉదాహరణ?"

వాళ్ళు ఎగతాళిగా అడగలేదు, నేర్చుకోవడానికే అడిగారు. పంతులుని అదే ఎక్కువ భయపెట్టింది. అతను జవాబు వెతుక్కునేలోపల కూతురు ఎగువకు నడిచి రాళ్ళ మీదికి దిగిపోయింది.

నడి ఏట్లో పెద్ద రాయి ఒకటి ఉంది. పిల్ల దాని మీదికి చేరేసరికి వరద ఎర్రనీళ్ళు వచ్చిపడ్డాయి. ముందున్న రాళ్ళు మునిగాయి, వెనకున్న రాళ్ళు మునిగాయి. పెద్ద రాయి మీద పిల్ల ఒక్కతీ మిగిలింది. గట్టు మీద ఊరు హాహాకారాలు చేసింది.

అందరికంటే ముందు కదిలింది పడవవాడు. ఎవరూ పిలవకుండానే తాడు విప్పి, పోటుకి ఎదురు తెడ్డు వేసి, పడవని రాతి పక్కకి చేర్చాడు. ఒక చేత్తో రాయిని పట్టుకుని రెండో చెయ్యి అందించాడు.

పిల్ల ఆ చేతిని చూసి వెనక్కి జరిగింది. వెనక్కి జరగడానికి జానెడు చోటు కూడా లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని ఏదో వల్లిస్తోంది. ఆ పెదవుల కదలికను పంతులు అంత దూరం నుంచి కూడా గుర్తుపట్టాడు. ఆ పాఠం తనదే.

"పంతులుగారూ!" పడవవాడు గట్టుకేసి అరిచాడు. "పిల్ల సెయ్యి ఇవ్వట్లేదండీ! నా మీద మీరు రాసింది ఏదో సదూతంది. అదేదో మీరే ఓపాలి గట్టిగా అనండి! మీ నోట ఇంటే ఎక్కుద్ది!"

కూతురు నమ్మేది బల్ల మీది భాషనే, ఉదాహరణనే. కాబట్టి ఇంకో ఉదాహరణ కావాలి. దయగలవాడు అనడానికి బెనివొలెంట్ అనే మాట ఉంది, అది చాలు అనుకున్నాడు పంతులు. ఛాతీ నిండా ఊపిరి తీసుకుని, ఏరు దద్దరిల్లేలా ఇంగ్లీషులో ఎత్తుకున్నాడు.

"బోట్‌మాన్..."

"పెర్ఫీడియస్!" అని వెనకనుంచి ఊరంతా ఒక్క గొంతుతో ఇంగ్లీషులోనే అందుకుంది. "నమ్మి ఎక్కినవాళ్ళని నడి ఏట్లో వదిలేస్తాడు!"

ఎవరూ కావాలని అనలేదు. మొదటి ముక్క వినిపిస్తే మిగతాది నోట్లోంచి దానంతటదే వచ్చేస్తుంది, అంతే. పంతులు రెండు చేతులూ ఊపుతూ మళ్ళీ "బోట్‌మాన్" అన్నాడు. ఊరు మళ్ళీ, ఇంకా గట్టిగా, ఇంకా స్పష్టంగా అందుకుంది. రాతి మీద పిల్ల రెండు చేతులతో చెవులు మూసుకుంది. నీళ్ళు దాని పాదాల మీదికి వచ్చాయి.

పంతులుకి వచ్చిన గట్టి మాటలన్నీ ఒక్కసారిగా అతన్ని విడిచిపోయాయి. అతను మోకాళ్ళ మీద కూలబడి, గుండెలు బాదుకుంటూ, పసివాడిలా ఏడుస్తూ అరిచాడు.

"మామా, చెయ్యి! మామా, చెయ్యి!"

దానికి అందుకోవలసిన మిగతా ముక్క ఎవరూ నేర్చుకోలేదు. ఊరు నోరు తెరిచి, ఏమనాలో తెలియక మూసుకుంది. ఆ నిశ్శబ్దంలో పిలుపు ఏటి మీదుగా రాతి దాకా పోయింది.

పిల్ల కళ్ళు తెరవలేదు. చెయ్యి మాత్రం చెవి మీదినుంచి దిగి, చిన్నప్పుడు రేవులో చాచినట్టు, ముందుకు సాగింది. పడవవాడు దాన్ని పట్టుకున్నాడు.

పడవ గట్టు చేరింది. పంతులు కూతుర్ని కావిలించుకుని చాలాసేపు లేవలేదు. లేచి చూస్తే పడవవాడు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా తడిసి ముద్దయ్యాడు, అరచేతులు రాతికి గీసుకుని నెత్తురు కారుతోంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"సూశారా పంతులుగారూ! ఊరంతా ఒక్క గొంతుతో నా గురించి అంత గొప్పగా సెప్పబట్టి గదండీ పిల్లకి ధైర్యం వచ్చింది! ఏటి గోలలో కూడా నాకు ఇనపడిందండీ." కళ్ళు తుడుచుకున్నాడు. "ఇయ్యాళైనా ఆ మాటకి అర్థం సరిగ్గా సెప్పండి."

కూతురు తల ఎత్తి తండ్రి మొహంలోకి చూసింది. పంతులు చెబుదామని నోరు తెరిచాడు. వెనకాల ఊరంతా, అతను మొదటి ముక్క అంటే అందుకుందామని, సిద్ధంగా నిలబడి ఉంది.