కాటమ్మ నల్లమట్టి మడి

అనగా అనగా, సముద్రం మీద ఓడలు క్రొత్త క్రొత్త విత్తనాలు మోసుకువచ్చే రోజులలో, మణిగిరి అనే చిన్న రాజ్యం ఉండేది. ఆ రాజుగారి కూరగాయల తోటను కాటమ్మ అనే తోటమాలి చూసుకునేది. తోటలోనే ఆమె గుడిసె. భర్త పోయాక ఆమెకు మిగిలిన నీడ అదొక్కటే.

తోట నేల నల్లని బంకమట్టి. తడిస్తే కాళ్ళను పట్టుకుని వదలదు. ఎండితే పలుగుకు కూడా లొంగదు.

ఒకనాడు రాజు ఆమెను పిలిపించి రెండు విత్తనాల మూటలు చేతిలో పెట్టాడు.

"కాటమ్మా! ఇది ఉల్లి. ఇది ఓడలో వచ్చిన క్యాబేజీ. మూడు చలికాలాలు గడువిస్తున్నాను. ఆ లోగా ఒక్కసారైనా రెండూ చెరొక గంపనిండా నా ముందుండాలి. లేకుంటే తోట మరొకరికి ఇస్తాను."

"చిత్తం ప్రభూ" అన్నది కాటమ్మ. అన్నదే గాని, ఏం చేయాలో ఆమెకు తోచలేదు. ఆ మట్టిలో ఆమె ఇంతవరకు పండించినది వంకాయలే.

తోట ప్రక్క మడుగులో ఒక గేదె మెడదాకా మునిగి నెమరువేస్తూ ఉంది.

"గేదెమ్మా, మట్టి ఎలా ఉంటే బాగుంటుంది?" అని అడిగింది కాటమ్మ.

"ఇదీ ఒక ప్రశ్నేనా!" అన్నది గేదె. "గట్టిగా ఒంటిని పట్టుకోవాలి. చల్లగా, తడిగా ఉండాలి. నారు నాటి చుట్టూ బాగా త్రొక్కు. తడి ఆరనివ్వకు. అంతకన్న సుఖమేముంది?"

కాటమ్మ అలాగే చేసింది. ఒకే మడిలో వరుస ఉల్లి, వరుస క్యాబేజీ నాటి, మడమలతో త్రొక్కింది. క్యాబేజీలు బిగువుగా గడ్డకట్టాయి. ఉల్లి మాత్రం ఊపిరాడక సగం కుళ్ళింది. మిగిలినది చిటికెన వ్రేలంత ఊరింది.

గట్టు మీద ఒంటికాలిపై నిలుచున్న కొంగ పకపక నవ్వింది.

"గేదె మాట విని సేద్యమా కాటమ్మా! మట్టి గుల్లగా ఉండాలి. ఏటి ఇసుక, మాగిన పశువుల ఎరువు కలుపు. మట్టిని వరుసలుగా ఎగదోసి బోదెలు ఎత్తు. నీరు క్రిందికి పోవాలి, ఒళ్ళు పైన గాలికి ఉండాలి. నన్ను చూడు!"

మరుసటి చలికాలం మడి అంతా అలాగే చేసింది. ఉల్లి బోదెలపైన కూర్చున్నట్టు గుండ్రంగా ఊరింది. క్యాబేజీలకు వేరు పట్టు దొరకలేదు. గాలికి ఒరిగిపోయాయి. ఆకులు గొడుగులలా విచ్చుకున్నాయే గాని గడ్డకట్టలేదు.

"నేను చెప్పలేదూ?" అన్నది గేదె.

"మరి ఆ ఉల్లి ఎవరి చలవ?" అన్నది కొంగ.

కాటమ్మకు తల తిరిగిపోయింది. గేదె మాట నిజమైతే ఉల్లి ఎందుకు కుళ్ళింది? కొంగ మాట నిజమైతే క్యాబేజీ ఎందుకు పడిపోయింది? ఇద్దరిదీ అబద్ధమైతే ఆ మాత్రం పంటైనా ఎలా వచ్చింది? అన్నం ముందు కూర్చుని తినడం మరచిపోయేది. పలుగు చేత పట్టుకునే పలుగు కోసం వెదికేది.

మూడవ చలికాలం వచ్చింది. దారిన పోతున్న మేక ఆగింది.

"ఇంత ఆలోచన దేనికత్తా? ఎక్కువ త్రొక్కకు, ఎక్కువ గుల్లచేయకు. మడి అంతా నడిమధ్యగా ఉంచు. ఇద్దరి మాటా నిలుస్తుంది" అని, గట్టు మీది గడ్డి కొరుక్కుని వెళ్ళిపోయింది.

కాటమ్మ మడిలో దిగి కాలెత్తింది. నడిమధ్య అంటే ఎంత? త్రొక్కాలా, మానాలా? తెలియక అలాగే నిలబడిపోయింది.

"అమ్మా, ఆ కాలు కాస్త ప్రక్కన పెట్టుకో" అన్నదొక సన్నని గొంతు. చూస్తే వానపాము. "ఇంతకూ గేదెనూ కొంగనూ నమ్మావే, మొదట గేదెను ఏమని అడిగావు?"

"మట్టి ఎలా ఉంటే బాగుంటుందని."

"ఎవరికి?"

కాటమ్మ ఎత్తిన కాలు ప్రక్కన దించింది.

"నీవు ఎవరికని చెప్పలేదు. గేదె తనకేది హాయో చెప్పింది. కొంగ తనకేది హాయో చెప్పింది. మేకకు మట్టితో పనే లేదు" అని వానపాము లోపలికి జారిపోయింది.

కాటమ్మ తాడు తెచ్చి మడిని రెండుగా విడదీసింది. మట్టి పిడికెడు తీసి పిసికింది. ముద్దలా అంటుకుంటే ఆగింది. మూడవనాడు అది బొటనవ్రేలి క్రింద పొడిపొడిగా విరిగాక పని మొదలుపెట్టింది. పల్లపు వైపు క్యాబేజీ నాటి చుట్టూ త్రొక్కింది. మెరక వైపు ఇసుక కలిపి, బోదెలెత్తి, ఉల్లి నాటింది. అయినా కోతనాటి వరకు ఆమెకు నమ్మకం కుదరలేదు.

ఆనాడు రాజు ముందు రెండు గంపలూ నిండి ఉన్నాయి. గేదె, కొంగ, మేక ఇచ్చిన సలహాలన్నీ కాటమ్మ ఆయనకు వినిపించింది.

"చివరకు ఎవరి మాట విన్నావు? గేదెదా, కొంగదా?" అన్నాడు రాజు.

"క్యాబేజీ దగ్గర గేదెది, ఉల్లి దగ్గర కొంగది, ప్రభూ."

"మరి మేక మాట?"

"దానికి క్యాబేజీ పై ఆకులు వేశాను ప్రభూ. అది వచ్చింది మేత కోసమే."

రాజు నవ్వి, తోటను ఆమె పేర వ్రాయించాడు.

కనుక పిల్లలూ, ఒకరికి మేలైనది మరొకరికి మేలు కానక్కరలేదు. సలహా అడిగేవారు అది ఎవరి కోసమో ముందుగా చెప్పాలి.