నోటినిండా పిల్లలున్న మొసలి

మంజీర ఒంపు తిరిగే చోట ఒక ఇసుక దిబ్బ ఉంది. దానిమీద ఒకవైపు తీతువు పిట్ట కాపురం, రెండోవైపు మొసలి గుడ్లు పెట్టిన గుంట. మొసలి అవసరమైతే తప్ప మాట్లాడదు. తీతువు మాత్రం ఆకు కదిలినా ఏరంతా లేపుతుంది. దాని అరుపు అపశకునమని మనవాళ్ళు తిట్టుకుంటారు గానీ, పాపం, గుడ్ల దగ్గరికి ఏ పామో వస్తే అది అరవక ఏం చేస్తుంది? సరే, కథ తీతువుది కాదు.

శివరాత్రి వెళ్ళాక గుడ్లు పెట్టిన మొసలి, రోహిణి కార్తె ఎండలు వచ్చినా ఆ గుంట వదల్లేదు. నక్క రోజూ వచ్చి పలకరించేవాడు.

"వదినా, ఎండకి వడలిపోయావు. ఏట్లో దిగి నాలుగు చేపలు తినిరా. గుడ్లకి నేను కాపలా ఉంటాను."

"నిన్ను కాపలా పెడితే, నీకింకో కాపలా పెట్టాలి మరిదీ," అనేది మొసలి, కన్ను కూడా తెరవకుండా.

ఒక తెల్లవారుజామున ఇసుక కింద కిచకిచలు వినిపించాయి. మొసలి గబగబా తవ్వింది. గుడ్లు చిట్లి జానెడేసి పిల్లలు బయటపడ్డాయి. తల్లి నోరు తెరిచి వాటిని ఒక్కొక్కటే లోపల వేసుకుంది.

"ఓరి నాయనో, మొసలక్క కన్నబిడ్డల్ని మింగేస్తోంది!" అని తీతువు దిబ్బంతా తిరిగి అరిచింది.

మనుషులమూ తక్కువ తినలేదు. మొసలి ఏడిస్తే దొంగ ఏడుపన్నాం, పిల్లల్ని నోట పెట్టుకుంటే మింగిందన్నాం. అది పిల్లల్ని నీళ్ళకి మోసుకెళ్ళే పద్ధతే అంత అని కాలేజీలో మా జంతుశాస్త్రం మాస్టారు చెప్పేదాకా నాకూ తెలియదు. మొసలి ఏట్లోకి దిగి నోరు తెరిచింది. పిల్లలు చకచకా ఈదుకుంటూ పోయాయి. తీతువు సిగ్గుపడి రెక్కలో ముక్కు దూర్చుకుంది.

కానీ ఆ అరుపుకి పొదలోంచి నక్క రానే వచ్చాడు. మొసలి రెండో విడత పిల్లల్ని నోట నింపుకునేదాకా ఆగి, తీరిగ్గా ముందుకొచ్చాడు. గుంటలో ఇంకా కొన్ని పిల్లలు మిగిలే ఉన్నాయి.

"ఏం వదినా, ఈరోజు పలకవే? నోరు తెరిస్తే బిడ్డలు రాలిపోతాయి కదూ. మిగిలినవాటి సంగతి నేను చూసుకుంటాలే."

"అక్కా, గుంట మీదికి వస్తున్నాడు," అంది తీతువు.

"నువ్వూరుకోవే పిట్టా. నీళ్ళలోనే మొసలి ఏనుగంత, గట్టెక్కితే కుక్కకి కూడా లోకువేనని పెద్దలు ఊరికే అన్నారా?"

మొసలి కదల్లేదు, పలకలేదు. నక్క మహా జాగ్రత్తపరుడు. ఎందుకైనా మంచిదని ఆ నోటికి దూరంగా, వెనకనుంచి చుట్టు తిరిగి గుంటవైపు వంగాడు.

మొసలి తోక ఒక్కసారి విసురుగా తిరిగింది. నక్క గాల్లో పల్టీ కొట్టి అవతలి బురదలో పడ్డాడు.

మొసలి నింపాదిగా ఏట్లోకి దిగి, పిల్లల్ని వదిలి, వెనక్కి వచ్చింది.

"ఇందాక ఏదో అన్నావు మరిదీ. నోట్లో పిల్లలుండి జవాబు చెప్పలేకపోయాను."

నక్క నడుం పట్టుకుని లేచాడు. "ఏం లేదు వదినా. పిల్లలు కులాసానా అన్నాను, అంతే," అంటూ కుంటుకుంటూ పొదలోకి పోయాడు.

నోరు మెదపనివాళ్ళని చేతకానివాళ్ళనుకుంటే, నడుం విరిగాక గానీ తెలివి రాదు.