నూకరత్నం వాదన

అనగనగనగా వాగు పక్కన ఒక ఊరు, ఆ ఊళ్ళో నూకరత్నమని ఒక పిల్ల. ఎనిమిదో తరగతి. ఇంట్లో గలగలా మాట్లాడేది. నలుగురిలో నిలబెడితే మాత్రం నోరు పెగిలేది కాదురా నాన్నా!

ఒకరోజు బడికి కబురొచ్చింది. పెద్ద తరగతుల్లో పిల్లలు పదకొండుమందేనట, మేష్టర్లేమో నలుగురట. ఆ తరగతులు ఎత్తేసి వాగు దాటి పక్క ఊరి బడిలో కలిపేస్తారట. సోమవారం ఆఫీసరుగారు వచ్చి ఊరి మాట వింటారట. వానాకాలంలో వాగు దాటేదెలా? ఆడపిల్లల చదువు ఆగినట్టే.

అప్పుడు ఆ పదకొండుమందీ సన్యాసప్పడు తాత దగ్గరికి పరిగెత్తారు. ఆయన ముప్ఫై ఏళ్ళు కోర్టులో బంట్రోతు. ఎన్ని వాదనలు విన్నాడో! "తాతా, మాకు మాట్లాడటం నేర్పవా?" అన్నారు.

మొదటిరోజు వాళ్ళని పొలం గట్టు మీద నిలబెట్టి, ఆ చివరనున్న తనకి వినపడేలా పేరు చెప్పమన్నాడు. నూకరత్నం గొంతు పిల్లికూనలా వచ్చింది. సాయంత్రానికి ఆ గొంతుకే కొంగలు ఎగిరిపోయాయి!

రెండోరోజు తన కళ్ళల్లోకి చూసి మాట్లాడమన్నాడు. నేల చూసినప్పుడల్లా మళ్ళీ మొదట్నుంచీ.

ఆ తర్వాత మూడోరోజు, "ఇవాళ మీరంతా ఆఫీసరు పక్షం. బడి ఎందుకు ఎత్తెయ్యాలో చెప్పండి" అన్నాడు.

నూకరత్నానికి కోపమొచ్చింది. "మా బడి మూసెయ్యమని మేమే చెప్పాలా తాతా?"

"ఆయన ఇబ్బందేంటో తెలీకుండా ఏం జవాబు చెప్తావే?"

ఏడుపు దిగమింగుకుని చెప్పింది. చెప్తూ ఉంటే ఆఫీసరు వైపు కూడా కాస్త న్యాయం కనపడింది.

సోమవారం వచ్చింది. పెద్దలంతా ఒకేసారి కేకలేశారు. ఆఫీసరు విసుగెత్తి ఫైలు మూసెయ్యబోయాడు. అప్పుడు నూకరత్నం లేచింది. నేల చూడకుండా ఆయన కళ్ళల్లోకే చూసింది.

"అయ్యా, మీరన్నది నిజమే. పదకొండుమందికి నలుగురు మేష్టర్లంటే ఎక్కువే."

ఊరంతా నోరెళ్ళబెట్టింది. వాళ్ళ నాన్న తల పట్టుకున్నాడు. ఆఫీసరు మాత్రం తలెత్తి చూశాడు.

"కానీ అయ్యా, ఊళ్ళో పిల్లలు లేక కాదు. చదువు మానేసి ఇళ్ళల్లో ఎనిమిదిమంది ఉన్నారు. వాళ్ళని బడికి తెస్తాం. ఒక్క ఏడాది ఆగండి."

"వాళ్ళొస్తారని నమ్మకమేంటి?" అన్నాడాయన.

ఆ జవాబు తాత నేర్పలేదు. నూకరత్నం జనం వైపు తిరిగి, "మీరే చెప్పండర్రా" అంది.

వెనక వరసలో చదువు మానేసిన గౌరమ్మ లేచింది, చంకలో చంటి తమ్ముడితో. "నేనొస్తాను" అంది. ఆ తర్వాత ఇంకొకడు, ఆ తర్వాత ఇంకొకత్తె. ఎనిమిదిమందీ లేచారు!

ఆఫీసరు నవ్వి, బడి ఇక్కడే ఉంటుందని రాసి సంతకం పెట్టాడు. ఊరంతా ఈలలే ఈలలు!

సెలవులయ్యాక బడి తెరిచిన రోజు బెంచీలు చాల్లేదు. నూకరత్నం నేల మీద కూర్చుంది. నేల మీద కూర్చుని అంత సంబరపడ్డ పిల్లని ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు.

కథ బండెక్కింది కంచికి,
నిద్ర నడిచొచ్చింది మనింటికి.