గజ్జె పలకని కాలు

పూర్ణబోధస్వామిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని పడుతుంది. నాగావళి ఒడ్డున ఆయన ఆశ్రమంలో ఈ సంగతి అందరికీ తెలుసు. "మనసు నిలవడం లేదు స్వామీ" అన్నవాడికి గోశాలలో పేడ ఎత్తే పని పడింది. సేవ గొప్పదా ధ్యానం గొప్పదా అని గొంతులు చించుకున్న ఇద్దరి చేతా కలిపి ఒకే ధాన్యం బస్తా మోయించారు. అందుకే తెలిసినవాళ్లు సందేహాల్ని కడుపులోనే దాచుకుని తిరిగేవాళ్లు. ధనంజయ కొత్తవాడు పాపం, అడిగేశాడు.

హైదరాబాదులో ఒక కంప్యూటర్ కంపెనీలో పదిమంది చేత పని చేయించే ఉద్యోగం వదులుకుని వచ్చినవాడతను. అక్కడ ఒక పద్ధతి ఉండేది. ఎజైల్ అంటారు. కొండంత పనిని పిడికెడు ముక్కలు చేసుకోవడం, ఒక్కో ముక్కా కాగానే ఎవరికోసం చేస్తున్నామో వాళ్లకి చూపించడం, వాళ్లు పెదవి విరిస్తే దిద్దుకుని ముందుకు పోవడం. రోజూ పొద్దున్నే అందరూ నిలబడే నాలుగు మాటలు చెప్పుకుంటారు. నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, ఎక్కడ అడ్డం పడింది అని. కూర్చుంటే కబుర్లు సాగుతాయి గనక నిలబడటం. ధనంజయకి ఆ పద్ధతి మీద తల్లిమీద ఉన్నంత నమ్మకం. అయినా ఆశ్రమానికి వచ్చాక ఒక అనుమానం పట్టుకుంది.

"సాఫ్ట్‌వేర్ కోసం పుట్టిన పద్ధతి స్వామీ ఇది. అక్కడ తప్పు చేస్తే చెరిపి రాసుకోవచ్చు. కర్రతో, తోలుతో, మనుషులతో చేసే పనికి పనికొస్తుందంటారా?"

స్వామి గుమ్మం వైపు చూశారు. "అడుగో, గవరయ్య దాసు వస్తున్నాడు. అతనికి కాలు కావాలి. చేయించు" అని లోపలికి వెళ్లిపోయారు.

ఆశ్రమంలో కాళ్లు పోగొట్టుకున్నవాళ్లకి కట్టుడుకాళ్లు చేసిచ్చే షెడ్డు ఒకటుంది. కూర్మారావు మేస్త్రి దానికి పెద్ద. గవరయ్య దాసు హరికథలు చెప్పేవాడు. ఆ చుట్టుపక్కల ఆయన గజ్జె కట్టని ఉత్సవం లేదు. కిందటి కార్తికంలో ఈ ఆశ్రమం మండువాలోనే, మొసలి నోట కాలు చిక్కిన ఏనుగు కథ చెబుతూ, ఏనుగు మొరపెట్టుకునే చోట కుప్పకూలాడు. ఎప్పటినుంచో దాచుకున్న పుండు. ఆస్పత్రిలో కుడికాలు మోకాలి కిందకి తీసేశారు. ఇప్పుడు కూతురు పైడమ్మ భుజం పట్టుకుని, చంకలో కర్రతో, గెంతుకుంటూ వచ్చాడు.

"ఏనుగు కాలు మొసలి పట్టింది, నా కాలు చక్కెర పట్టింది బాబూ. ఏనుగుకి దేవుడొచ్చాడు. నాకు మీరున్నారు" అని నవ్వాడు. తరవాత నవ్వు ఆపి అసలు మాట చెప్పాడు. "మంగళం పాడని కథ దాసుని వదలదు. మా గురువు మాట అది. సగంలో దిగిపోయిన కథ గుండెల మీద కూచుంది. అది పూర్తి చేసేస్తే ఇంకేం అక్కర్లేదు."

"దానికి కాలెందుకు దాసుగారూ? కుర్చీ వేయిస్తాం, కూర్చుని చెప్పండి" అన్నాడు ధనంజయ, మంచి మనసుతోనే.

"కూచుని చెబితే పురాణం అవుతుంది బాబూ, హరికథ అవదు."

పైడమ్మ ధనంజయని పక్కకి పిలిచి, ఎడమపాదం కూడా నల్లబడుతోందనీ, అదీ ఎక్కువ కాలం దక్కదని డాక్టరు చెప్పాడనీ, అయ్యకి ఆ మాట తెలీదనీ కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. అంటే చేసేదేదో తొందరగా చెయ్యాలి.

ధనంజయ నడుం కట్టాడు. షెడ్డు గోడకి నల్లబల్ల తగిలించాడు. చెయ్యాల్సినవి ఒక వరస, చేస్తున్నవి ఒక వరస, అయినవి ఒక వరస. కొలత, మోకాలికి తొడిగే గిన్నె, పట్టీలు, పాదం, అన్నీ పచ్చచీటీల మీద రాసి అంటించాడు. పొద్దున్నే పనివాళ్లందరినీ నిలబెట్టాడు. మొదట్లో వాళ్లు ఇదేం డ్రిల్లు పీరియడంటూ ముసిముసిగా నవ్వుకున్నారు. రానురాను వాళ్లకే రుచి తగిలింది. గిన్నె ఆరక పట్టీలవాడు ఖాళీగా కూర్చోవడం, మేస్త్రి ఊరెళితే అంతా ఆగిపోవడం తగ్గాయి. చీటీలు ఒక్కొక్కటీ అటు జరుగుతుంటే ధనంజయ కడుపు నిండిపోయేది. ఔను మరి, కళ్లెదుట పని కదలడంలో ఉన్న సుఖం అలాంటిది.

ఒక్కటి మాత్రం వదిలేశాడు. తన పద్ధతి ప్రకారం ప్రతి ముక్కా దాసుగారికి చూపించాలి. మేస్త్రి ఒప్పుకోలేదు. ఆ షెడ్డులో ఆచారం ఏమిటంటే, కాలు పూర్తయ్యేదాకా కాలులేనివాడి కంట పడనివ్వరు. కన్ను తెరవని విగ్రహాన్ని దాచినట్టు గుడ్డ కప్పి ఉంచుతారు. అంతా అయ్యాక కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, స్వామి చేతుల మీదుగా ఇస్తారు. "అరకొర కాలు చూపించడం అపశకునం బాబూ. ఆశపడ్డవాడి ఉసురు తగులుతుంది" అన్నాడు మేస్త్రి. ధనంజయకి ఆ మాట మనసుకి పట్టింది. ముసలాయన్ని మాటిమాటికీ రప్పించడం దేనికిలే అని కూడా అనిపించింది. కొలతలు ఉన్నాయి, చాలుననుకున్నాడు.

కాలు ఇచ్చే రోజు మండువా నిండిపోయింది. స్వామి గుడ్డ తీశారు. నున్నగా, తేలిగ్గా, దాసు ఒంటి రంగులోనే ఉన్న కాలు. కింద మెత్తటి రబ్బరు పాదం. దాసు తొడుక్కున్నాడు. లేచాడు. కర్ర పక్కన పడేసి ఒక అడుగు, రెండో అడుగు, మండువా ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు. పైడమ్మ ఘొల్లుమంది. జనం చప్పట్లు. మేస్త్రి మీసం దువ్వుకున్నాడు. ధనంజయకి కళ్ల నీళ్లు తిరిగాయి.

అప్పుడు దాసు సంచిలోంచి గజ్జెలు తీసి కళ్లకద్దుకున్నాడు. ఎడమకాలికి కట్టాడు, కుడికాలికి కట్టాడు. చిడతలు పట్టుకుని, ఏనుగు మొరపెట్టుకునే చోటు అందుకుని, తాళానికి కుడిపాదం వేశాడు.

చప్పుడు లేదు. రబ్బరు నేలని మెత్తగా ముద్దుపెట్టుకుంది. గజ్జెల పట్టీ నున్నటి కాలి మీద నిలవక జారి పాదం మీద పడింది. దాసు వంగి పైకి లాక్కుని మళ్లీ వేశాడు. మళ్లీ జారింది. మూడోసారి వంగినవాడు లేవలేదు. అక్కడే కూర్చుండిపోయాడు.

"బంగారంలాంటి కాలు బాబూ" అన్నాడు, పిల్లవాణ్ణి ఊరడించినట్టు. "బజారుకి వెళ్లడానికి దీన్ని మించింది లేదు." కాలు విప్పి పక్కన పెట్టి, చిడతలూ గజ్జెలూ సంచిలో పెట్టేసుకుని పైడమ్మ వైపు చూసి ఇంటికి పోదామన్నాడు.

ధనంజయకి తల కొట్టేసినట్టయింది. స్వామి వెంట షెడ్డులోకి నడిచాడు. "అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉందన్నట్టయింది" అని మేస్త్రి గొణుక్కుంటున్నాడు. స్వామి నల్లబల్ల ముందు నిలబడి ఒక్కో చీటీ చదివారు. అన్నీ అయినవాటి వరసలోనే ఉన్నాయి.

"పందిరి బాగుంది, మేళం బాగుంది, విస్తళ్లూ వేశారు" అన్నారు. "పెళ్లికొడుకేడీ నాయనా?"

ధనంజయ ఆ చీటీలన్నీ పీకేసి, ఒకే ఒక చీటీ మీద 'దాసుగారు మంగళం పాడాలి' అని రాసి, చేస్తున్నవాటి వరసలో అంటించాడు. "టేకు పాదం చేయిస్తాను స్వామీ. తాళం పలికేలా, గజ్జె నిలిచేలా అన్నీ ఆలోచించి చేస్తాం. రెండు నెలలు ఇవ్వండి."

"రెండు నెలలు నా దగ్గర లేవు. అతని ఎడమకాలి దగ్గర ఉన్నాయేమో అడుగు" అన్నారు స్వామి. "ఈ సాయంత్రానికి ఏమివ్వగలవు?"

మూలన పనసకర్ర ముక్క ఒకటి పడి ఉంది. ధనంజయ దానివైపు చూడటం చూసి మేస్త్రి గాభరాపడ్డాడు. "అరకొర కాలా? అపశకునం స్వామీ!"

"సగం కథకంటేనా?" అన్నారు స్వామి.

సాయంత్రానికి రబ్బరు పాదం ఊడదీసి, దాని చోట పనసకర్ర ముక్క బిగించారు. చూడటానికి పీటకోడులా ఉంది. గజ్జెలు జారకుండా గోనెతాడు చుట్టారు. ఈలోగా ఊరి దారిలో సగం దూరం పోయిన బండిని ధనంజయే పరుగెత్తి ఆపి, దాసుని బతిమాలి తీసుకొచ్చాడు. దాసు ఆ వికారాన్ని చూసి పకపకా నవ్వాడు. తొడుక్కుని ఒక్కటి వేశాడు. ఠంగున మోగింది. గజ్జెలు ఘల్లుమన్నాయి. ఆ ఊపుకి పక్కకి ఒరిగిపోతే ధనంజయ పట్టుకున్నాడు.

"వదలకు బాబూ, అలాగే పట్టుకో" అంటూ, అతని భుజం మీద చెయ్యి వేసి, నిరుడు ఎక్కడ కూలిపోయాడో అక్కడినుంచే ఎత్తుకున్నాడు దాసు. నాలుగు చరణాలు పాడేసరికి చెమట్లు కారిపోయాయి. "మిగతాది రేపు" అని దిగిపోయాడు. విన్నవాళ్లు పదిమంది కూడా లేరు. అయితేనేం, కథ కదిలింది.

మర్నాటి నుంచి పొద్దుటి నిలబాటుకి దాసు కూడా వచ్చేవాడు. అందరూ నిలబడితే ఆయనొక్కడే కూర్చునేవాడు. నిన్న ఎక్కడ ఒరుసుకుంది, ఎక్కడ జారింది, ఏ దెబ్బ పలికింది, ఏది పలకలేదు, ఆయనే చెప్పేవాడు. మడమ గుండ్రంగా చెక్కారు. గజ్జె నిలవడానికి గాడి తీశారు. ఒకరోజు ధనంజయ ఉత్సాహం పట్టలేక పాదం లోపల బోలుగా తొలిపించాడు, మృదంగంలా మోగుతుందని. "ఇది మోగుతోంది బాబూ, నన్ను వినపడనివ్వడం లేదు. నిన్నటిదే పెట్టెయ్యి" అన్నాడు దాసు. మూతి ముడుచుకుంటూనే నిన్నటిది పెట్టాడు ధనంజయ. పొద్దుట పాదం దిద్దడం, సాయంత్రం కథ ఇంకొంచెం జరగడం. జనం పెరిగారు. ఏనుగు మొర దేవుడికి ఎప్పటికి వినపడుతుందోనని పక్క ఊళ్లవాళ్లు కూడా నడిచి వచ్చేవారు.

ఈలోగా ఎడమపాదం నలుపు పైకి పాకింది. దాసుకీ తెలిసింది. "ఇప్పుడైనా ఆస్పత్రికి పదండి, కథకేం తొందర" అన్నాడు ధనంజయ. "పాదం ఇంకా కుదరలేదు కూడాను. మడమ దగ్గర ఒరుసుకుంటూనే ఉంది."

"పాదం కుదిరేదాకా దేవుణ్ణి ఏనుగు దగ్గరికి రావద్దంటావా బాబూ?" అన్నాడు దాసు.

ఆ సాయంత్రం దేవుడు వచ్చాడు. శంఖం లేకుండా, చక్రం లేకుండా, ఉన్నవాడు ఉన్నట్టు పరుగెత్తి వచ్చాడని దాసు పాడుతుంటే మండువాలో చీమ చిటుక్కుమనలేదు. పనసకర్ర పాదం ఒక్క తాళం తప్పలేదు. దాసు చెయ్యి ధనంజయ భుజం మీద లేదు. చివర హారతి పళ్లెం ఎత్తి మంగళం పాడాడు. పాడుతూ అందరి మొహాలూ ఒక్కొక్కటే చూశాడు.

మర్నాడే ఆస్పత్రికి తీసుకెళ్లారు. నాలుగు రోజులకి పైడమ్మ ఒక్కతే ఆశ్రమానికి వచ్చింది. "అయ్య ఎల్లిపోనాడు బాబూ. తేలిగ్గా ఎల్లిపోనాడు" అంది. గజ్జెలు ధనంజయ చేతిలో పెట్టి, కళ్లొత్తుకుంటూ మెట్లు దిగిపోయింది.

స్వామి షెడ్డులోకి వచ్చేసరికి ధనంజయ కొత్త పాదం ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. రెండు నెలలు గడువడిగిన ఆ టేకుదే. మడమ ఒక పక్క చెక్కి ఉంది, ఇంకో పక్క చెక్కలేదు. చెంపలు తడిసి ఉన్నాయి.

"పూర్తి చెయ్యలేకపోయాను స్వామీ. ఇంకొక్క వారం ఉంటే కుదిరేది. సగం కాలుతోనే పంపించేశాం ఆయన్ని."

స్వామి తలెత్తి గోడ వైపు చూశారు. నల్లబల్ల మీద చీటీ ఒక్కటే ఉంది. చేస్తున్నవాటి వరసలో, ఆ రోజు అంటించిన చోటే.

"మంగళం విన్నావా?"

"విన్నాను స్వామీ. మీ పక్కనే కూర్చుని విన్నాను."

"మరి ఆ చీటీ ఇంకా అక్కడే ఉందేం నాయనా?" అన్నారు స్వామి.